గోడలో కూకుడుగువ్వ

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, సబ్బుల ఫ్యాక్టరీలో చేరి రెండో ఏడు తిరక్కుండానే అది అందరి నోళ్లలోంచీ జారిపోయింది. గేటు దగ్గర కాపలా మనిషి మొదలుకొని యజమాని దాకా అందరికీ ఆమె ముక్కక్క. సెంటు కలిపిన సబ్బు తురుము అచ్చుల్లోకి వెళ్లే ముందు, మూత పెట్టిన గాజుసీసాలో ఓ గుప్పెడు ఆమె బల్ల మీదికి రావాలి. ఆమె మూత తీసి, కళ్లు మూసుకుని, ఒక్కసారి పీల్చి చూసేది. బాగుందంటే ముందుకి, లేదంటే వెనక్కి. మధ్యలో ముక్కు అలిసిపోతే తన మోచేతి మడత వాసన తనే చూసుకునేది. సొంత ఒంటి వాసన ముక్కును మళ్లీ మొదటికి తెస్తుందని ఆమె నమ్మకం.

ఆ ముక్కే ఆమెకు అన్నం పెట్టింది. ఆ అన్నాన్ని సుఖంగా తిననివ్వనిదీ ఆ ముక్కే. చుట్టాలింటికి వెళితే గ్లాసు అంచున నిన్నటి పాల నీచు. పక్కింటావిడ నవ్వుతూ దగ్గరికొస్తే ఆవిడ పుచ్చుపన్ను. బస్సెక్కితే ఇక చెప్పనక్కర్లేదు. మొహం చిట్లించీ చిట్లించీ కనుబొమల మధ్య రెండు గీతలు పడి, అలాగే ఉండిపోయాయి. ఆమె భర్త మోటారు మెకానిక్కు. పెళ్లయిన నాటి నుంచీ పెరటి కుళాయి కింద గ్రీజంతా వదిలేలా ఒళ్లు రుద్దుకుంటే తప్ప ఆయనకు గడప దాటే హక్కు లేదు. "కోర్టు మెట్లెక్కడమైనా తేలికే గానీ, మా ఇంటి మెట్లెక్కడం కష్టం" అని షెడ్డులో చెప్పి అందరినీ నవ్విస్తూండేవాడు.

ఆమె పనిచేసే గది ఫ్యాక్టరీ చివర, మిక్సర్లకు దూరంగా ఉండేది. తెల్లటి గోడలు, ఒక బల్ల, ఒక కుర్చీ, అంతే. గుడ్డ వాసన పీల్చుకుంటుందని కిటికీకి తెర కూడా కట్టనిచ్చేది కాదు. వెనక గోడ పాతకాలపు ఇటుకలతో కట్టిన దిట్టమైన గోడ. దాని అవతల పిచ్చిగడ్డి మొలిచిన పెరడు, విరిగిన అచ్చులు, తుప్పు పట్టిన డ్రమ్ములు.

వేసవి మొదట్లో ఒక ఉదయం తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే ఆమె ముక్కుపుటాలు బిగుసుకున్నాయి. గదిలో ఏదో ఉంది. చచ్చిన ఎలుక కాదు, మురుగు కాదు. ఆ రెంటికీ పుట్టిన బిడ్డలా ఉంది. మొదటిరోజు దారప్పోగంత సన్నగా ఉన్న ఆ వాసన వారం తిరిగేసరికి మోకులా లావెక్కింది. నేల కడిగించింది. బల్ల కింద, తలుపు సందుల్లో వెతికించింది. కాలువ తవ్వించింది. ఎక్కడా ఏమీ లేదు.

ఆఖరికి ఆమె అనుమానం మిక్సరు పెద్దాయన మీదికి పోయింది. ఆయన మధ్యాహ్నం పూట కాసేపు నడుం వాల్చేది ఆమె గది బయట బెంచీ మీదే.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి. ఇవాళ్టి నుంచి ఆ చెప్పులు కాస్త దూరంగా విడవండి" అంది.

ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. "నా ఒళ్లు సబ్బులోనే నాని నాని ఇట్లా ముడతలు పడిందమ్మా. నా ఒంట్లోంచి కంపు రావాలంటే నేను చచ్చి రెండ్రోజులన్నా అవ్వాలి!"

అసలు తిరకాసు ఏమిటంటే, ఆ కంపు ఇంకెవరికీ రాలేదు. దాంతో గుసగుసలు మొదలయ్యాయి. ముక్కక్కకు ముక్కు చెడిందట, లేనిది వస్తోందంటోందట. ఆ మాట చిన్న సారు దాకా పోయింది. తండ్రి మంచాన పడ్డాక ఫ్యాక్టరీ ఆయన చేతికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఆయన గదిలోకొచ్చి, అటూ ఇటూ తిరిగి, గట్టిగా ఊపిరి పీల్చి, "నాకేం రావట్లేదే అక్కా" అన్నాడు. ఎలా వస్తుంది? మెడ నుంచి నడుం దాకా కొట్టుకొచ్చిన సెంటును దాటుకుని ఆయన ముక్కుకు ఇంకేదీ చేరదు. వెళ్తూ వెళ్తూ, "ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. వయసు మీదపడుతోంది కదా" అన్నాడు మెత్తగా.

ఆ మెత్తదనానికే ఆమె గుండె గుభేలుమంది. తిట్టి ఉంటే ఇంత భయపడేది కాదు.

మర్నాడు పనిలోకి రాగానే గదిలోకి పోకుండా నేరుగా పెరట్లోకి వెళ్లింది. గోడకు మొహం ఆనించి, వాసన పట్టుకుంటూ, ఇటుక ఇటుకనూ ముక్కుతో తడుముకుంటూ నడిచింది. ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకునేవాళ్లే. తన గది వెనక, ఛాతీ ఎత్తులో, ఎప్పుడో తీసేసిన నీళ్ల పైపు తాలూకు బొక్క ఒకటి కనిపించింది. దాని అంచుల చుట్టూ ఇటుక నల్లగా జిడ్డు పట్టి ఉంది. కంపు అందులోంచి ఊపిరి వదిలినట్టు వస్తోంది.

అప్పుడే వెనక డ్రమ్ము మీద ఏదో వాలింది. ఆమె తిరిగి చూసింది.

పిట్ట. ఒళ్లంతా లేత ఇటుక రంగు, రెక్కల మీద నలుపూ తెలుపూ పట్టీలు. సూదిలా సన్నగా, పొడుగ్గా, చివర కిందికి వంగిన ముక్కు. ఆ ముక్కున తెల్లటి లావుపాటి పురుగు గిలగిల్లాడుతోంది. పిట్ట ఆమెను చూసి, తల మీద వెనక్కి వాలి ఉన్న ఈకల కుచ్చును విసనకర్రలా ఒక్కసారిగా విప్పింది. ప్రతి ఈక కొసనా నల్లటి చుక్క. ముక్కక్క ఆ ఒక్క క్షణం కంపు సంగతి మరిచిపోయింది.

ఆమె నాలుగడుగులు పక్కకు జరిగింది. పిట్ట ఎగిరొచ్చి బొక్క అంచును గోళ్లతో పట్టుకుంది. లోపలి చీకట్లోంచి అలాంటిదే మరో ముక్కు బయటికొచ్చి పురుగును లాక్కుంది. బయటి పిట్ట ఎగిరిపోగానే ముక్కక్క వెళ్లి బొక్క దగ్గర మొహం పెట్టింది. లోపలి నుంచి పాము బుస కొట్టినట్టు చప్పుడు, దాని వెంబడే ముఖాన గుద్దినట్టు కంపు. గోడ పట్టుకుని వంగి, పొద్దున తాగిన టీ అంతా కక్కేసింది.

"ఇంత అందమైన మొహం పెట్టుకుని ఇదేం బతుకే నీది!" అంది మూతి తుడుచుకుంటూ.

ప్రహరీగోడ బాగుచేస్తున్న తాపీమేస్త్రి ఆమె వాలకం చూసి తాపీ పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని నవ్వాడు. "కూకుడుగువ్వ అక్కా అది. లోపల ఆడది పొదుగుతున్నట్టుంది. పొదిగినన్నాళ్లూ అది బయటికి రాదు, మొగుడే తెచ్చిపెట్టాలి."

"రాకపోతే మానె. శుభ్రంగా ఉండొద్దూ? కాకి కూడా గుంట కనపడితే స్నానం చేస్తుంది మేస్త్రీ. దీనికేం రోగం?"

"అది దాన్నే అడగాలక్కా."

"అడిగేదేం లేదు. సిమెంటు కలుపు. ఆ బొక్క మూసెయ్."

మేస్త్రి తల గోక్కున్నాడు. "సారుతో ఒక్క మాట చెప్పించక్కా. లేకపోతే నన్నంటారు."

సారును ఆమే పిలుచుకొచ్చింది. తన ముక్కు చెడలేదని చూపించాలన్న ఆత్రం కూడా ఉందందులో. ఆయన వచ్చిన సమయానికే మగపిట్ట మళ్లీ డ్రమ్ము మీద వాలి కుచ్చు విప్పింది. చిన్న సారు చెయ్యెత్తి చూపించాడు.

"కిరీటం! అక్కా, కిరీటం చూశారా?" అన్నాడు. కొత్త సబ్బు ఒకటి తేవాలని, దానికో పేరు, కవరు మీదికో బొమ్మ కావాలని ఆయన ఎన్నాళ్లుగానో తల బద్దలుకొట్టుకుంటున్నాడు. "ఇన్నాళ్లూ ఎక్కడెక్కడో వెతికాను. మన గోడలోనే ఉంది చూడండి! కిరీటం సబ్బు. ఎలా ఉంది?"

"సార్, ముందు దగ్గరికొచ్చి వాసన చూడండి."

ఆయన రెండడుగులు వేశాడు, ముక్కు ఎగరేశాడు, నాలుగడుగులు వెనక్కి వేశాడు. "ఆఁ, ప్రకృతి అంటే అలాగే ఉంటుంది లెండి. ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు. మేస్త్రీ, వింటున్నావా?" అని, మళ్లీ ఆమె వైపు తిరిగి, "ఆ పిట్టను చూస్తే మీకు ఏ వాసన గుర్తొస్తుందో, అలాంటి సెంటు ఒకటి తయారు చేయించండక్కా" అన్నాడు.

"ఆ వాసన మీకొద్దు సార్" అంది ముక్కక్క.

ఆయన అది హాస్యమనుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మిక్సరు పెద్దాయనకు క్షమాపణ చెప్పుకుని, తన బల్లా కుర్చీ సామాన్ల గదిలోకి మార్పించుకుంది ముక్కక్క. దూరం జరిగినా కంపు వెంటే వచ్చేది. గుడ్లు పగిలి పిల్లలొచ్చాక అది రెట్టింపైంది. బొక్క కింద గోడ మీద తెల్లగా, గోధుమరంగుగా చారలు కారి ఎండిపోయాయి. వాటి మీద ఈగలు. అంత రోతగా ఉన్నా, మధ్యాహ్నం తిండి వేళ ఆమె కాళ్లు పెరటి వైపే లాగేవి. అసహ్యం వేసినదాన్ని చూడకుండా ఉండలేకపోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. మగపిట్ట గడ్డిలో తాపీగా నడుస్తూ, పొడుగు ముక్కును నేలలోకి దింపి కుట్టుమిషను సూదిలా పొడుచుకుంటూ పోయేది. పురుగు దొరికితే నేలకేసి కొట్టి, గాల్లోకి ఎగరేసి ముక్కుతో పట్టుకునేది. కొన్నాళ్లకు ఆడది కూడా బయటికొచ్చి మేత తేవడం మొదలుపెట్టింది. అది వాలిన చోట కాసేపు కంపు అలాగే ఉండిపోయేది. బొక్క అంచున ఎర్రటి నోళ్లు కనిపించి అరిచేవి. నోళ్లు మూసుకోగానే వెనక్కి తిరిగి, తోకలెత్తి, బయటికి పిచికారీ కొట్టేవి. ఒకసారి ఆ పిచికారీ మేస్త్రి టిఫిను డబ్బా దాకా వచ్చింది.

"ఛీ! సిగ్గూ శరం లేని జాతి" అనేది ముక్కక్క. మళ్లీ మర్నాడు వెళ్లి అక్కడే నిలబడేది.

పిల్లలకు ఈకలు ముళ్లలా పొడుచుకొస్తున్న రోజుల్లో చిన్న సారు ఒక ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకొచ్చాడు. నెరిసిన గడ్డం, మెత్తటి మాట, భుజాన మూడు కెమెరాలు. పిట్టల ఫోటోలు తీయడంలో ఆయనకు మించినవాళ్లు లేరట. ముక్కక్క ముక్కు మూసుకోవడం చూసి ఆయన దగ్గరికొచ్చాడు.

"భరించలేకపోతున్నారు కదా మేడమ్? దాని తోక మొదట్లో ఒక గ్రంథి ఉంటుంది. గూట్లో ఉన్న రోజుల్లో అందులోంచి ముదురురంగు జిడ్డు ఊరుతుంది, ఈ కంపు దానిదే. తల్లి దాన్ని ఒంటికి పూసుకుంటుంది, గుడ్లకు పూస్తుంది. క్రిములు గుడ్డు పెంకు దాటి లోపలికి పోకుండా కాపాడేది ఆ జిడ్డే. పిల్లి లాంటివి వచ్చినా ఈ కంపుకు వెనక్కి పోతాయంటారు. పిల్లలు ఎగిరిపోయే నాటికి గ్రంథి మామూలైపోతుంది. ఆ తర్వాత ఈ పిట్టకు ఏ వాసనా ఉండదు."

ఆయన ఎంతో ఇష్టంగా చెప్పాడు. ముక్కక్క ముక్కు మీద చెయ్యి తీసి విన్నది. దుర్గంధం కూడా ఒక పని చేస్తుందని, కొన్నాళ్లకు పని ముగించుకుని వెళ్లిపోతుందని ఎవరైనా చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. ఇంత తెలిసిన మనిషి వచ్చాడు, ఇక ఫరవాలేదు అనుకుంది.

ఆయన మేస్త్రి వైపు తిరిగి, "ఆ బొక్క పక్కనున్న రెండు ఇటుకలు పీకెయ్యి బాబూ. లోపల వెలుతురు చాలదు" అన్నాడు.

"పీకితే తల్లి భయపడి రాకుండా పోదుటండీ?" అంది ముక్కక్క.

"వస్తుంది లెండి. రాకపోయినా మనకు కావలసిన ఫోటో వచ్చేస్తుంది" అన్నాడు అదే మెత్తటి గొంతుతో.

మేస్త్రి ఉలితో ఇటుకలు పెరికాడు. తల్లి రేకుల కప్పు మీద వాలి, కుచ్చు విప్పుతూ ముడుస్తూ, బొంగురుగా అరవడం మొదలుపెట్టింది. ఫోటోగ్రాఫరు చేతితొడుగులు వేసుకుని నాలుగు పిల్లల్నీ ఒక్కొక్కటిగా బయటికి లాగి, అట్టముక్క మీద పరిచిన పచ్చటి ఆకుల మీద వరుసగా కూర్చోబెట్టాడు. అవి వెలుతురుకు కళ్లు మూసుకుని, ఒకదాని కింద ఒకటి దూరుతూ బుసకొట్టాయి. ఒంటినిండా ముళ్లు, నెత్తిన చిన్న చిన్న మేకుల్లాంటి కుచ్చులు, పొట్ట కింద ఎండిన పెంట.

చిన్న సారు మొహం చిట్లించాడు. "ఇంత మురిగ్గా ఉన్నాయేంటండీ? సబ్బు కవరు మీద ఈ మొహాలా?" చిటికె వేశాడు. "ఒక పని చేద్దాం. మన సబ్బుతోనే స్నానం చేయించి తీద్దాం. నురగలో పిట్టపిల్ల! చూసినవాళ్లు పడిపోతారు."

ఫోటోగ్రాఫరు తల అడ్డంగా ఊపాడు. "తడిస్తే ఈ వయసు పిల్లకు ఒంట్లో వేడి నిలవదు సార్" అన్నాడు. ముక్కక్క హమ్మయ్య అనుకుంది. ఆయన కెమెరా వైపు ఓసారి చూసుకుని, "ఒక్కదానికైతే పర్లేదనుకుంటా" అన్నాడు.

తెలియక చేసేవాణ్ని తిట్టొచ్చు, చెప్పి చూడొచ్చు. ఈయనకు అంతా తెలుసు. తెలిసినదంతా పక్కన పెట్టి, చొక్కా చేతులు మడుస్తున్నాడు. ఇన్నేళ్లుగా రకరకాల కుళ్లు పీల్చిన ముక్కక్కకు అప్పుడు గొంతులోకి పొంగుకొచ్చిన వెగటు ముక్కు దారిన వచ్చింది కాదు.

గాజుగిన్నెలో నురగ పొంగించారు. పిల్లను అందులో దించారు. అది రెండుసార్లు బుసకొట్టింది, మూడోసారి నోరు తెరిచింది గానీ చప్పుడు రాలేదు. కెమెరా టకటకలాడింది. తడిసి సగమైపోయిన ఆ పిల్లను చిన్న సారు అరచేతిలో పెట్టుకుని, కెమెరా వైపు నవ్వుతూ బుగ్గ దగ్గరికి తెచ్చుకున్నాడు. పిల్ల తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేసింది. వెనక్కి తిరిగి, తోకెత్తి, ఆయన గడ్డం మీదా తెల్లచొక్కా మీదా పిచికారీ కొట్టింది.

ఆయన కెవ్వున అరిచి చెయ్యి విదిలించాడు. పిల్ల గోడ మొదట్లో పడింది.

"ఛీ! ఛీ! ఛండాలపు పిట్టలు!" వాంతి వచ్చినట్టు వంగిపోయి, రుమాలుతో మూతి రుద్దుకుంటూ మేస్త్రి మీద విరుచుకుపడ్డాడు. "అన్నిటినీ లోపలికి తోసి సిమెంటు కొట్టెయ్. ఇప్పుడే! నేను బట్టలు మార్చుకుని వచ్చేసరికి ఈ గోడకు బొక్క ఉండకూడదు."

ఫోటోగ్రాఫరు కెమెరా తెర మీద బొమ్మ చూసుకుంటున్నాడు. "దొరికింది సార్, చాలా బాగా వచ్చింది" అని, సంచీ సర్దుకుని ఆయన వెంట నడిచాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మేస్త్రి గమేళాలో సిమెంటూ ఇసకా పోసి నీళ్లు కలపడం మొదలుపెట్టాడు.

"నిజంగానే మూసేస్తావా?" అంది ముక్కక్క.

"చెప్పింది చెయ్యకపోతే రేపట్నుంచి రావద్దంటారు. అయినా మొదట మూసెయ్యమన్నది నువ్వే కదక్కా?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. "అన్నాను. అప్పుడు లోపల ఏముందో నేను చూళ్లేదు. ఇప్పుడు చూశాను. ఆ గమేళా పక్కన పెట్టు."

చేతితొడుగుల కోసం లోపలికి పరిగెత్తితే ఈలోపు మేస్త్రి మనసు మార్చుకోవచ్చు. ఆమె కూర్చుని, వట్టి చేత్తో ఒక పిల్లను పట్టుకుంది. వేళ్ల సందుల్లోకి వెచ్చగా, జిడ్డుగా ఏదో జారింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది జాలి కాదు, కంపు. పళ్లు బిగబట్టి దాన్ని బొక్కలోకి తోసింది. రెండోదాన్ని తోసింది. మూడోది మణికట్టు దాకా తడిపేసింది. డోకు ఆపుకోలేక పక్కకు తిరిగి కక్కుకుని, దాన్నీ లోపల పెట్టింది. తడిసిన పిల్లను పనికోటు అంచుతో తుడిచి, అరచేతుల మధ్య పెట్టుకుని నోటి ఆవిరి ఊదింది. దాని పొట్ట కాసేపు ఎగిరెగిరి పడింది. తర్వాత ఎగరడం మానేసింది. ఆమె ఇంకా చాలాసేపు ఊదుతూనే ఉంది.

"పోయిందక్కా" అన్నాడు మేస్త్రి.

దాన్ని డ్రమ్ము పక్కన గడ్డిలో పెట్టి, చేతులు కడుక్కోకుండానే ఆమె చిన్న సారు గదికి వెళ్లింది. ఆయన కొత్త చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. "అక్కడే ఆగండక్కా! ఏంటా కంపు?" అన్నాడు.

ముక్కక్క ఆగలేదు. రెండు చేతులూ ఆయన అద్దపు బల్ల మీద పరిచి పెట్టింది. "ఇవాళ్టి తురుము చూడలేను సార్. ముక్కు పనిచెయ్యట్లేదు."

"లారీ వచ్చి నిలబడి ఉంది, ఇప్పుడా మాట? పోనీ, రేపు పొద్దున్నే చూడండి."

"రేపూ చెయ్యదు. ఆ మూడు పిల్లలూ ఎగిరిపోయేదాకా చెయ్యదు."

"బెదిరిస్తున్నారా?"

"లేదు సార్. ఈ చేతులు ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే నాకు మల్లె ఏదో మురుగేదో తెలీట్లేదు. తెలీకుండా సరుకు బాగుందని చెప్పమంటారా? నాన్నగారి కాలం నుంచి నేనలా చెప్పలేదు."

ఆయన ముక్కు మూసుకుని, కుర్చీతో సహా గోడ దాకా జరిగాడు. ఆయన సెంటునంతటినీ దాటుకుని ఆ కంపు నేరుగా ముక్కులోకి దూరింది. "సరే, సరే! మూసెయ్యొద్దని చెప్పండి మేస్త్రికి. ముందు ఆ చేతులు తీయండి తల్లీ!"

మేస్త్రి పెరికిన ఇటుకలను సిమెంటు లేకుండానే మళ్లీ యథాస్థానంలో పేర్చి, సందుల్లో మట్టి మెత్తాడు. ఇద్దరూ డ్రమ్ముల వెనక నక్కి కూర్చున్నారు. తల్లి కప్పు మీంచి దిగడానికి చాలాసేపు భయపడింది. రెండుసార్లు గోడ దాకా వచ్చి తిరిగిపోయింది. మూడోసారి పురుగుతో వచ్చి బొక్క అంచున వాలింది. లోపలి నుంచి అరుపులు వినపడ్డాయి.

"ఇక నువ్వు వెళ్లి చేతులు కడుక్కో అక్కా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు మేస్త్రి, తువ్వాలుతో ముక్కు కట్టుకుంటూ.

కడిగితే పోయే కంపు కాదది. ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి సబ్బుతోనూ రుద్దింది. ఆ సాయంత్రం పెరటి కుళాయి దగ్గర కూర్చుని చర్మం ఎర్రబడేదాకా తోముకుంటుంటే, భర్త గడప మీద నిలబడి, "ఏమే, ఎవరినైనా చంపొచ్చావా?" అని నవ్వబోయాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేసి, చెంబుతో నీళ్లు పొయ్యడం మొదలుపెట్టాడు.

మిగిలిన మూడు పిల్లలూ బతికాయి. ఒకటి తర్వాత ఒకటి బొక్క అంచుకొచ్చి, తల్లి మేత చూపించి ఊరిస్తుంటే తూలుకుంటూ ఎగిరాయి. ముద్దొచ్చాయని ముక్కక్క అనుకుందంటే అది అబద్ధం. పీడా విరగడైందనే అనుకుంది. కానీ పెరట్లో పొడి మట్టిలో పొర్లి, ఈకలు దులుపుకుంటున్న ఆడపిట్ట దగ్గర గాలి పీల్చి చూస్తే, నిజంగానే ఏ వాసనా లేదు. ఎండకు కాగిన మట్టి వాసన తప్ప.

కిరీటం సబ్బు వచ్చింది. కవరు మీద పిట్టపిల్ల. నురగలోంచి తల మాత్రం బయటికి పెట్టి, నోరు కాస్త తెరిచి, నవ్వుతున్నట్టుంది. ఫ్యాక్టరీలో అందరికీ తలొకటి పంచారు. ముక్కక్క తనది తీసుకెళ్లి చిన్న సారు బల్ల మీద పెట్టింది.

"ఈ పిల్ల ఆ రోజే చచ్చిపోయింది సార్."

ఆయన కవరు వైపు, ఆమె వైపు చూశాడు. "అయ్యో" అన్నాడు. తర్వాత, "కవరు మీద మాత్రం బతికే ఉంది కదక్కా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ఆయన ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. అదే ఆమెకు అన్నిటికంటే రోతగా అనిపించింది.

ఆ వారమే ఆమె అడిగి మరీ బట్టల సబ్బు కోసే షెడ్డుకు మారిపోయింది. అక్కడ సెంటు లేదు, కవరు లేదు. పచ్చటి పొడుగు దిమ్మలను తీగతో కోసి పేర్చడమే పని. వాసన చూడ్డానికి ఎవరో కొత్త పిల్లను పెట్టారు. ఆ పిల్ల ముక్కు బాగానే ఉందని మిక్సరు పెద్దాయన చెప్పాడు.

ఒకరోజు సరుకుల కోసం వీధి చివరి కొట్టుకు వెళితే, తన ముందు నిలబడిన ఆవిడ కిరీటం సబ్బు అడిగి తీసుకుంది. ముక్కక్క పనికోటు మీది ఫ్యాక్టరీ పేరు చూసి పలకరింపుగా నవ్వింది. "మీరక్కడే చేస్తారా? ఈ పిట్టపిల్లను మీ సారే చేతుల్లో పెట్టుకుని పెంచారటగా? పేపర్లో చదివాను. ఎంత ముద్దుగా ఉందో!"

"పెంచలేదమ్మా. ఫోటో కోసం నురగలో ముంచి చంపాం" అంది ముక్కక్క.

కొట్టతను తూకం వేస్తూ వేస్తూ ఆగిపోయాడు. ఆవిడ తన చేతిలోని సబ్బును చూసింది. తిరిగిచ్చేస్తుందేమోనని కొట్టతను చెయ్యి కూడా చాపాడు. ఆవిడ చుట్టూ చూసి, ఇంకెవరూ తనను చూడటం లేదని రూఢి చేసుకుని, బొమ్మ కిందికి వచ్చేలా సబ్బును బోర్లించి సంచీలో పెట్టుకుంది.

ముక్కక్క తన సరుకులు తీసుకుని, మొహం తిప్పుకుని ఇంటిదారి పట్టింది.